ఇంజన్ పని చేయించాక జిప్సీ కింగ్ వెనకవైపు ఆయిల్ కారుతోంది, గేర్‌బాక్స్ దించాలా?

ఘాట్‌రోడ్_శ్రీను (విశాఖపట్నం)

అందరికీ నమస్కారం. బండి 1998 జిప్సీ కింగ్, కార్బురేటర్‌ది, 1298 సీసీ. ఈ మధ్యే ఇంజన్ మొత్తం దించి పని చేయించాను. బోరింగ్, ఓవర్‌సైజు పిస్టన్లు, రింగులు, మెయిన్ బేరింగులు, బిగ్‌ఎండ్ బేరింగులు, వాల్వు సీళ్ళు, క్రాంకుకి ముందూ వెనకా ఆయిల్ సీళ్ళు, టైమింగ్ బెల్టు, అన్నీ కొత్తవే. బిల్లు చూసి మా ఆవిడ ఇంకా మాట్లాడట్లేదు. బండి మాత్రం బాగా లాగుతోంది. పొగ లేదు. స్టార్ట్ అవగానే ఆయిల్ ప్రెషర్ లైటు ఆరిపోతోంది.

తంటా ఎక్కడంటే, ఇంజనూ గేర్‌బాక్సూ కలిసేచోట, బెల్ హౌసింగ్ (క్లచ్‌ని కప్పే డొప్ప) అడుగున ఆయిల్ చుక్కలు. రాత్రి కింద అట్టముక్క వేస్తే తెల్లారేసరికి అరచేయంత మరక. పని చేయించకముందు ముందువైపు కాస్త చెమర్చేది గానీ ఇక్కడ ఇలా కారేది కాదు. సైలెన్సర్ పైపు మీద కూడా పడుతున్నట్టుంది, సిగ్నల్ దగ్గర ఆగితే మాడు వాసన.

పని చేసినాయన చూసి "వెనక మెయిన్ సీలు సరిగ్గా కూర్చోలేదు, గేర్‌బాక్స్ మళ్ళీ దించాలి, లేబర్ సగం మీరు పెట్టుకోండి" అంటున్నారు. సీలు పెట్టింది ఆయనే. దించేముందు ఇంటిదగ్గర నేను చూసుకోగలిగినవి ఏమైనా ఉన్నాయా? జాకీ, రెండు స్టాండ్లు, స్పానర్ సెట్టు, టార్చ్ ఉన్నాయి. త్వరలో అరకు ప్రయాణం ఉంది. అనంతగిరి ఘాట్‌లో క్లచ్ జారితే పిల్లలతో ఇబ్బంది.

గోదావరి_గేరు (రాజమహేంద్రవరం)

మీ మెకానిక్ గారు చెప్పిందే కరెక్టండి. ఆ చోట కారిందంటే వెనక సీలే, ఇంకోటి కాదు. మా బావగారి జీపుకి అచ్చం ఇలాగే అయింది. సీలుని సుత్తితో ఓ పక్క కొట్టి పెట్టారు, పెదవి మడత పడిపోయింది. సీలు చుట్టూ సమానంగా దిగాలండి, పాత బేరింగు రేసో, సరిపడా పైపుముక్కో ఆనించి మెల్లిగా తట్టాలి. పెదవికి ముందే ఆయిల్ రాయాలి. పొడిగా పెడితే మొదటి స్టార్ట్‌లోనే కాలిపోద్ది.

ఇంకోటి చూడండి. పాత సీలు క్రాంకు మీద ఒకేచోట ఏళ్ళ తరబడి తిరిగి గాడి పెట్టేస్తది. కొత్త సీలు అదే గాడిలో కూర్చుంటే కొత్తదైనా కారుద్ది. ఒకటి రెండు మిల్లీమీటర్లు అటో ఇటో జరిపి పెట్టాలి, కుదరకపోతే క్రాంకుకి పల్చటి స్లీవు వేయించాలి. ఎలాగూ దించాలి కాబట్టి దించేటప్పుడు ఇవన్నీ చూడమనండి. ఆలస్యం చేస్తే క్లచ్ ప్లేటు కూడా పోద్దండి, ఆయ్.

పాతబండి_నాని (హైదరాబాద్)

శ్రీను గారూ, ముందు అది ఇంజన్ ఆయిలేనా అన్నది తేల్చుకోండి. గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ సీలు పోయినా గేర్ ఆయిల్ అదే బెల్ హౌసింగ్‌లోంచి, అదే సందులోంచి దిగుతుంది. తెల్ల కాగితం మీద రెండు చుక్కలు పట్టి, పక్కనే డిప్‌స్టిక్‌తో ఒక చుక్క పెట్టి పోల్చండి. గేర్ ఆయిల్ చిక్కగా ఉంటుంది, గంధకం కంపు కొడుతుంది, ఒకసారి ముక్కుకి తగిలితే జన్మలో మర్చిపోరు. క్లచ్ ఫ్లూయిడ్ అనుమానం అక్కర్లేదు, జిప్సీది కేబుల్ క్లచ్చే.

ఆటోనగర్_బాబాయ్ (విజయవాడ)

బాబూ శ్రీనూ, గేర్‌బాక్స్ మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వకు.

ఆయిల్ కనపడినచోట పుట్టదు. పైన ఎక్కడో పుడుతుంది, బ్లాకు వెంట జారుతుంది, బండి నడుస్తుంటే గాలికి వెనక్కి పాకుతుంది, అడుగున ఏ మూల దొరికితే అక్కడ చుక్క కడుతుంది. నీ బండిలో ఇంజన్ పొడవునా కూర్చుంటుంది. టైమింగ్ బెల్టు రేడియేటర్ వైపు, ఫ్లైవీల్, అదే క్లచ్ ఆనుకునే బరువు చక్రం, నీ కాళ్ళ వైపు. డెల్కో, అదే ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్, ఎక్కడుంది? హెడ్డుకి వెనక కొసన, ఫైర్‌వాల్‌కి దగ్గరగా. అంటే సరిగ్గా బెల్ హౌసింగ్ నెత్తిన. అక్కడ కారితే హెడ్డు వెనక గోడ మీదుగా దిగి, బ్లాకూ బెల్ హౌసింగూ కలిసే అతుకు పట్టుకుని, అడుగుకి వచ్చి చుక్కవుతుంది. కింద పడుకుని చూసేవాడికి అచ్చం వెనక సీలు లాగే ఉంటుంది. ఈ ఇంజన్లకి ఊరికే వెనక సీళ్ళు మార్పించుకున్నవాళ్ళని చాలామందిని చూశాను.

అక్కడ కారడానికి చోట్లు ఏంటంటే, డెల్కో ఒంటికి ఉండే ఓ-రింగు (గుండ్రటి రబ్బరు రింగు), డెల్కో కూర్చునే గేరు కేసుకీ హెడ్డుకీ మధ్య ప్యాకింగు, హెడ్డు మీద మూతలా ఉండే టాపెట్ కవరు వెనక మూల, పెట్రోల్ పంపు హెడ్డుకి బిగించేచోట ప్యాకింగు. ఈ నాలుగూ పైనుంచే చూసుకోవచ్చు. గేర్‌బాక్స్ దించక్కర్లేదు.

రేపు పొద్దున్న ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు వెనకవైపంతా డీజిల్‌తో, పాత పెయింట్ బ్రష్షుతో కడుగు. పెట్రోలు వద్దు. ప్రెషర్ వాటర్ కొట్టించకు, డెల్కో క్యాపులోకి నీళ్ళు దూరితే ఇంకో తలనొప్పి. కడిగాక గుడ్డతో తుడిచి, టైర్ల షాపులో గాలి కొట్టించుకుని పొడిగా చెయ్యి. తర్వాత టాల్కం పౌడరు చేతిలోకి తీసుకుని హెడ్డు వెనకా, బ్లాకు వెనకా, బెల్ హౌసింగ్ అతుకు మీదా పల్చగా ఊదు. ఇంజన్ వేడెక్కేదాకా తిప్పి, ఊళ్ళోనే ఓ చుట్టు వేసి రా. తెల్ల పౌడరు మీద తడి గీత ఎక్కడ మొదలైందో అదే నీ దొంగ.

గోదావరి_గేరు (రాజమహేంద్రవరం)

బాబాయ్ గారూ, మీ అనుభవానికి దండమండి. కానీ పని చేయించకముందు కారలేదు, చేయించాక కారుతోంది. మార్చింది వెనక సీలు. మారినదాన్ని వదిలేసి డెల్కోని అనుమానించడమేంటి?

ఆటోనగర్_బాబాయ్ (విజయవాడ)

హెడ్డు పని చేయాలంటే డెల్కో పీకకుండా చేస్తారా నాయనా? వాల్వు సీళ్ళు మార్చారంటే క్యామ్ షాఫ్టు బయటికి వచ్చినట్టే, కేసు ఊడినట్టే. ఇరవై ఏళ్ళ ఓ-రింగు గట్టిపడి, తన చోటులో బిగుసుకుపోయి ఉంటుంది. కదపనంతకాలం ఎలాగో ఆపుతుంది. ఒకసారి పీకి అదే రింగు మళ్ళీ పెట్టావా, అయిపోయింది. బిల్లులో వెనక సీలు రాసుంది, ఓ-రింగు రాసుందేమో శ్రీనుని అడుగు.

సీళ్ళ_సుజాత (పుణె)

నేను ఆయిల్ సీళ్ళ డిజైన్‌లో పనిచేస్తాను, ఊరు గుంటూరు. వెనక సీలు గురించి గోదావరి గారు చెప్పినవి నిజమే. ఒకటి కలుపుతాను. పెదవి వెనక సన్నటి చుట్టు స్ప్రింగు ఉంటుంది, అది ఆయిల్ ఉన్న వైపుకి తిరిగి ఉండాలి. తిరగేసి పెడితే అరచేయంత మరకతో ఆగదు, మొదటి రోజే ధార కడుతుంది. కాబట్టి తిరగేసి పెట్టిన కేసు అయితే కాదు.

ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. క్రాంక్‌కేసులో ప్రెషర్ ఎంత? క్రాంకుకి వేసే మామూలు సీలు అర బార్ కంటే ఎక్కువ తట్టుకునేలా చేయరు. ఓ-రింగులూ, కార్కు ప్యాకింగులూ కూడా లోపల ప్రెషర్ లేదన్న లెక్క మీదే ఉంటాయి. రింగుల పక్కనుంచి ఎంతోకొంత గ్యాసు కిందికి దిగుతూనే ఉంటుంది. కొత్త బోరులో కొత్త రింగులు కూర్చునేదాకా కాస్త ఎక్కువగానే దిగుతుంది. ఆ గ్యాసుని పీసీవీ వాల్వు టాపెట్ కవరులోంచి ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోకి లాగేయాలి. ఆ దారి మూసుకుపోతే గ్యాసు ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కణ్ణుంచి ఆయిల్‌ని నెట్టుకుంటూ బయటికొస్తుంది. అప్పుడు ఒక సీలు మారిస్తే ఇంకో చోట మొదలవుతుంది.

పరీక్ష తేలిక. ఇంజన్ వేడిమీద ఐడిల్‌లో ఉన్నప్పుడు ఆయిల్ పోసే మూత తీసి, ఆ కన్నం మీద పల్చటి పాలిథిన్ కవరు పరచండి. కవరు లోపలికి కొద్దిగా లాక్కుంటే మంచిది. పొంగి లేస్తే గాలి బయటికి పోయే దారి చూడాలి. కంప్రెషన్ కూడా ఒకసారి చూపించుకోండి, రింగులే సరిగ్గా లేకపోతే ఈ మాటలన్నీ వృథా.

ఇందూరు_జీపు (నిజామాబాద్)

సుజాతక్క మాట నూటికి నూరు పాళ్ళు కరెక్ట్. మా తాత అంబాసిడర్ ఉండె, ఇసుజు ఇంజన్ రాకముందుది, 1489 సీసీ పెట్రోల్. గా పాత బీఎంసీ ఇంజన్‌కు వెనక రబ్బరు సీలే ఉండది! క్రాంకు మీద మరలెక్క గాడి కోసి ఉంటది, క్రాంకు తిరుగుతుంటే గా గాడి ఆయిల్‌ను మళ్ళ లోపలికే తోలుతది. లోపల ప్రెషర్ పెరిగిందంటే ఇగ ఆ గాడి ఏం జేస్తది? మా ఊళ్ళె ఒకాయన "వెనక సీలు మారుస్త" అని పైసలు గుంజిండు ఆ బండికి. లేని సీలు ఏం మార్చిండో ఆయనకే ఎరుక.

ఘాట్‌రోడ్_శ్రీను (విశాఖపట్నం)

అందరికీ థాంక్స్. చూసినంతవరకు చెబుతాను.

కాగితం పరీక్షలో అది ఇంజన్ ఆయిలే. డిప్‌స్టిక్ చుక్కా, అట్ట మీద చుక్కా ఒకే రంగు, గంధకం కంపు లేదు. గేర్‌బాక్స్‌లో ఆయిల్ లెవెల్ కూడా నిండా ఉంది.

బెల్ హౌసింగ్ అడుగున ఉండే రేకు విప్పాను. ఫ్లైవీల్ పొడిగా ఉంది. లోపల క్లచ్ దుమ్ము నల్లగా, పొడిపొడిగా రాలింది, వేలితో రుద్దితే జిడ్డు లేదు. రేకు బయటి అంచు మాత్రం ఆయిల్‌తో మెరుస్తోంది. అంటే ఆయిల్ బయటి నుంచే వస్తోందనేగా?

బిల్లు తీసి చూశాను. ముందు సీలు, వెనక సీలు, హెడ్డు ప్యాకింగు, టాపెట్ కవర్ ప్యాకింగు, ఛాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే రేకు తొట్టి) ప్యాకింగు ఉన్నాయి. ఓ-రింగు అన్న మాటే లేదు.

కంప్రెషన్ గాజువాక ఆటోనగర్‌లో చూపించాను, నాలుగు సిలిండర్లూ 170 పీఎస్ఐ పైనే, పెద్ద తేడా లేకుండా.

పాతబండి_నాని (హైదరాబాద్)

కంప్రెషన్ బాగుంది, రింగుల సంగతి వదిలేయండి. ఫ్లైవీల్ పొడిగా ఉండటం పెద్ద సాక్ష్యం. వెనక సీలు కారితే ఆ ఆయిల్‌ని ఫ్లైవీల్ తిరుగుతూ చుట్టూ చిమ్మేస్తుంది, హౌసింగ్ లోపలి గోడంతా వలయంలా తడుస్తుంది. మీ దగ్గర అది లేదు.

గోదావరి_గేరు (రాజమహేంద్రవరం)

ఒప్పుకున్నానండి, ఫ్లైవీల్ పొడిగా ఉంటే వెనక సీలు కాదు. కాకపోతే బ్లాకు వెనక ఆయిల్ గ్యాలరీ ప్లగ్గుల్ని కూడా మర్చిపోకండి. లేతులో బ్లాకు కడిగేటప్పుడు ప్లగ్గులు తీసి మళ్ళీ కొడతారు, ఒక్కోసారి వదులుగా కొడతారు. అక్కడుండేది ప్రెషర్ ఆయిల్ కాబట్టి ఎక్కువే కారుద్ది. ప్రెషర్ స్విచ్ మర దగ్గర కూడా ఓసారి వేలు పెట్టి చూడండి, అది ఐదు నిమిషాల పని.

డాలస్_చంద్ర (డాలస్)

అమెరికాలో ఇదే బండి సుజుకి సమురాయ్ పేరుతో 1995 దాకా అమ్మారు. ఇంజన్ కూడా అదే జి13 కుటుంబం. ఇక్కడి సమురాయ్ వాళ్ళకి డిస్ట్రిబ్యూటర్ ఓ-రింగు కారడం, దాన్ని వెనక మెయిన్ సీలు అనుకోవడం బాగా పాత కథ. బాబాయ్ గారు చెప్పిందీ అదే.

పౌడరుతో తేలకపోతే యూవీ డై వేయండి. ఆయిల్‌లో కలిపే రంగు చిన్న సీసాలో దొరుకుతుంది. పోసి, బండి పదిహేను ఇరవై నిమిషాలు నడిపి, చీకట్లో యూవీ టార్చ్ కొడితే కారిన దారంతా ఆకుపచ్చ పసుపు రంగులో మెరుస్తుంది. పసుపు కళ్ళజోడు పెట్టుకుంటే ఇంకా బాగా కనిపిస్తుంది. ఒకేసారి రెండు చోట్ల కారుతున్నప్పుడు పౌడరు తికమక పెడుతుంది, డై పెట్టదు.

ఇందూరు_జీపు (నిజామాబాద్)

చంద్రన్నా, గా టార్చ్ కోసం అమెరికా పోవాల్నా? కిరాణా కొట్ల దొంగ నోట్లు చూసే ఊదా రంగు టార్చ్ ఉంటది గదా, జర చీకట్ల గదే మంచిగ పనిచేస్తది. డై మాత్రం అసలైంది కొనుండ్రి. పండుగ రంగులు కలుపుతా అన్నోడు మా దోస్తుల్లోనే ఉన్నడు.

ఘాట్‌రోడ్_శ్రీను (విశాఖపట్నం)

డై వరకు పోనక్కర్లేకుండా పౌడరే చెప్పేసింది.

నిన్న బాబాయ్ చెప్పినట్టే డీజిల్‌తో కడిగి, గాలి కొట్టించి, పౌడరు ఊదాను. బీచ్ రోడ్డు మీద నిదానంగా వెళ్ళొచ్చాను. హెడ్డుకీ ఫైర్‌వాల్‌కీ మధ్య తల పట్టదు కాబట్టి ఫోను లైటు వేసి, చెయ్యి దూర్చి వీడియో తీశాను. టాపెట్ కవరు వెనక మూల తెల్లగా ఉంది. పెట్రోల్ పంపు తెల్లగా ఉంది. డిస్ట్రిబ్యూటర్ కేసులోకి దిగేచోట మాత్రం అడుగుభాగాన అర్ధచంద్రం లాగా తడి. అక్కణ్ణుంచి కేసు అంచు మీదుగా సన్నటి గీత దిగి, హెడ్డు వెనక గోడ పట్టుకుని, బ్లాకు అతుకు దగ్గర మాయమైంది. వీడియో ఆపి ఆపి చూస్తే ఆ తడి పక్కనే బూడిద రంగు సిలికాన్ ఉబ్బి కనిపిస్తోంది. ఎవరో ఓ-రింగు బదులో, ఓ-రింగు మీదో గమ్ము పూశారు.

ఆటోనగర్_బాబాయ్ (విజయవాడ)

పాత రింగు చేతికి పలకల్లే తగిలి ఉంటుంది, దాని మీద అనబాండ్ గమ్ము పూసి తోసేశారు. ఓ-రింగు ఉన్నచోట గమ్ము ఎందుకురా బాబూ. గమ్ము ఊడి ముక్కలు హెడ్డులోకి రాలితే ఆయిల్ వెంట ఛాంబర్‌కి దిగి, ఆయిల్ పంపు పీల్చే జల్లెడకి, అదే స్ట్రెయినర్‌కి, అడ్డం పడతాయి. అది కారడం కన్నా పెద్ద ప్రమాదం.

పని ఇలా చెయ్యి. బ్యాటరీ నెగెటివ్ పీకు. డెల్కో క్యాపు తీసి పక్కన పెట్టు, వైర్లు పీకక్కర్లేదు. రోటరు ఏ వైపు చూస్తోందో దాని ఎదురుగా కేసు మీద మార్కరుతో గీత. డెల్కో ఒంటికీ కేసుకీ కలిపి ఇంకో గీత. ఫోటో కూడా తీసుకో. అప్పుడు బిగించే బోల్టు విప్పి డెల్కో మెల్లిగా బయటికి లాగు. గేరు పళ్ళు ఏటవాలు కాబట్టి లాగేటప్పుడు రోటరు కొంచెం తిరుగుతుంది, ఎంత తిరిగి ఆగిందో అదీ గుర్తుపెట్టుకో, పెట్టేటప్పుడు అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి. డెల్కో బయట ఉన్నంతసేపు ఇంజన్ తిప్పకు, గేర్లో పెట్టి తోయకు.

గమ్ము అంతా గోటితో, చెక్కపుల్లతో గీకు. స్క్రూడ్రైవర్ వద్దు, అల్యూమినియం మీద గాటు పడితే కొత్త రింగు కూడా కారుతుంది. గాడి శుభ్రం చేసి, కొత్త రింగుకి ఇంజన్ ఆయిల్ రాసి ఎక్కించు. మెలి పడకూడదు. కేసుకీ హెడ్డుకీ మధ్య ప్యాకింగు తడిగా లేకపోతే కేసు జోలికి పోకు. ఒకవేళ కేసే విప్పాల్సి వస్తే, మళ్ళీ బిగించాక ఆ గేరు కేసులో కాసింత ఇంజన్ ఆయిల్ పోసి అప్పుడు డెల్కో దించు, గేరు పొడిగా తిరగకూడదు. ఆఖర్న టైమింగ్ లైటు పెట్టి చూపించుకో.

సీళ్ళ_సుజాత (పుణె)

రింగు కొనేటప్పుడు పాతదాన్ని కొలతకి పట్టుకెళ్ళకండి. అది నలిగి చదునైపోయి, మందం తగ్గి ఉంటుంది, దానికి సరిపోయేది తెస్తే మళ్ళీ వదులే. జిప్సీ మోడలూ ఏడాదీ చెప్పి ఆ భాగం రింగే అడగండి. దొరక్కపోతే గాడి వెడల్పూ లోతూ వెర్నియర్‌తో కొలిచి దాన్ని బట్టి తీసుకోండి. హెడ్డు వెనక వేడి ఎక్కువ, అక్కడికి గాలి కూడా సరిగ్గా రాదు. మామూలు నైట్రైల్ రబ్బరు కొన్నేళ్ళకి గట్టిపడేది అందుకే. వేడి బాగా తట్టుకునే వైటాన్ రబ్బరు దొరికితే అదే వేయండి, ధర ఎక్కువైనా ఓ-రింగు ధరలో ఎక్కువెంత.

పాలిథిన్ పరీక్ష మాత్రం మీరు ఇంకా చేయలేదు. అది చేయకుండా రింగు మార్చేసి తృప్తిపడొద్దు.

ఘాట్‌రోడ్_శ్రీను (విశాఖపట్నం)

సుజాత గారూ, చేశాను. కవరు బెలూన్‌లా పొంగింది!

పీసీవీ గొట్టం పట్టుకుని వెళ్తే మానిఫోల్డ్ చివర వాల్వుకి తగలాల్సిన కొస ఊడదీసి ఉంది. అందులో ఒక బోల్టు దూర్చి క్లిప్పు బిగించారు. మానిఫోల్డ్ వైపు కన్నానికి రబ్బరు టోపీ. పని చేసినాయనకి ఫోన్ చేస్తే "స్టార్ట్ చేసిన రోజు ఐడిల్ ఊగింది సార్, అది మూస్తే నిలబడింది" అన్నారు. చాలా మామూలుగా చెప్పారు.

సీళ్ళ_సుజాత (పుణె)

ఐడిల్ ఊగిందంటే వాల్వు తెరుచుకుని ఇరుక్కుపోయి ఉంటుంది, మానిఫోల్డ్ అదనంగా గాలి పీల్చుకుంది. మార్చాల్సింది వాల్వు, మూయాల్సింది దారి కాదు. వాల్వు పీకి చెవి దగ్గర ఊపండి, లోపల టకటకమంటే కదులుతున్నట్టు. చప్పుడు లేకపోతే కార్బురేటర్ క్లీనర్ కొట్టి చూడండి, అప్పటికీ కదలకపోతే కొత్తది.

కానీ నాకు ఒక లెక్క కుదరట్లేదు. టాపెట్ కవరు నుంచి ఎయిర్‌క్లీనర్‌కి ఇంకో గొట్టం ఉంటుంది. పీసీవీ మూసేసినా గ్యాసు అటు పోవాలి, కవరు అంతలా పొంగకూడదు. ఆ రెండో గొట్టం కూడా చూడండి.

ఘాట్‌రోడ్_శ్రీను (విశాఖపట్నం)

కరెక్టుగా పట్టుకున్నారు. ఎయిర్‌క్లీనర్ డబ్బా బిగించేటప్పుడు ఆ గొట్టం కింద పడి రెండుగా మడిచిపోయింది. పాత రబ్బరు, లోపల ఉబ్బి, మడత దగ్గర అతుక్కుపోయింది. ఊదితే గాలి పోవట్లేదు. అంటే ఇంజన్‌కి ఊపిరి పీల్చే దారీ లేదు, వదిలే దారీ లేదు.

పాతబండి_నాని (హైదరాబాద్)

రెండు దారులూ మూసి కొత్త రింగులతో తిప్పుతుంటే డెల్కో దగ్గర మాత్రమే కారిందంటే మీ అదృష్టం. రాణిగంజ్‌లో కావాలంటే గొట్టాలు నేను చూసి పంపిస్తాను. ఆయిల్ తట్టుకునే గొట్టమే వేయండి, నీళ్ళ గొట్టం ముక్క వేస్తే నెలల్లో మెత్తబడి మళ్ళీ అతుక్కుంటుంది.

గోదావరి_గేరు (రాజమహేంద్రవరం)

గేర్‌బాక్స్ దింపించి ఉంటే ఏం జరిగేదో ఊహించుకున్నానండి. కొత్త సీలు వేసి, అదే బోల్టు ఆ గొట్టంలోనే ఉంచి, మళ్ళీ ఎక్కించేవారు. వారానికి ఇంకోచోట చుక్క. సగం లేబర్ మీది, సగం ఆయనది, ఆయిల్ మొత్తం రోడ్డుది.

ఘాట్‌రోడ్_శ్రీను (విశాఖపట్నం)

పని అయింది. డిస్ట్రిబ్యూటర్ లాగితే పాత ఓ-రింగు రెండు ముక్కలై వచ్చింది. నలిపితే బొగ్గులా విరిగింది, మీద సిలికాన్ పొర. గీకడానికే మధ్యాహ్నం అంతా పట్టింది. కొత్త రింగు, కొత్త పీసీవీ వాల్వు, రెండు గొట్టాలూ మార్చాను. టైమింగ్ లైటు పెట్టించాను, గీత మీదే ఉంది. ఐడిల్ ఊగట్లేదు. పాలిథిన్ కవరు ఇప్పుడు లోపలికి లాక్కుంటోంది. ఛాంబరు విప్పి స్ట్రెయినర్ చూడాలా అన్నది ఒకటే మిగిలింది, ఎందుకంటే గీకేటప్పుడు కొంచెం గమ్ము లోపలికి పోయి ఉండొచ్చు.

అట్ట మీద మరక లేదు గానీ ఛాంబరు వెనక మూల కొంచెం చెమ్మ. తుడిస్తే రెండు రోజులకి మళ్ళీ వేలికి అంటుతోంది. బోల్టులు ఇంకొంచెం బిగించనా?

ఆటోనగర్_బాబాయ్ (విజయవాడ)

బిగించకు! అవి ఎం6 బోల్టులు, పది నంబరు స్పానరు తగిలేవి. పది పన్నెండు న్యూటన్ మీటర్లకి మించి వాటికి అక్కర్లేదు. గట్టిగా లాగితే రేకు బోల్టు చుట్టూ గుంటపడి, బోల్టుకీ బోల్టుకీ మధ్య పైకి లేస్తుంది, అప్పుడు నిజంగానే కారుతుంది. చెమ్మ అంటే చుక్క కాదు. తుడుచుకుంటూ పో.

గమ్ము సంగతి వేరు. మొదటి ఆయిల్ ఎలాగూ తొందరగా మార్చాలి, మార్చేటప్పుడు ఛాంబరు దించి స్ట్రెయినర్ కడుగు. అప్పుడే ఆ రేకు అంచు చదునైన చెక్క మీద పెట్టి గుంటలు సుత్తితో సరిచేసి, కొత్త ప్యాకింగు వేస్తే ఆ చెమ్మ కూడా పోతుంది. ఒకే ఖర్చుతో రెండు పనులు. ఈలోగా ప్రెషర్ లైటు మీద ఓ కన్నేసి ఉంచు. వేడిమీద ఐడిల్‌లో మిణుకుమంటే అరకు సంగతి మర్చిపోయి వెంటనే ఛాంబరు దించు.

ఘాట్‌రోడ్_శ్రీను (విశాఖపట్నం)

సరే బాబాయ్. అరకుకి ముందే ఆయిల్ మార్చి ఛాంబరు దించుతాను. పని చేసినాయన స్ట్రెయినర్ కడిగే లేబర్ తీసుకోనన్నారు. ప్యాకింగు డబ్బులు మాత్రం నన్నే ఇమ్మన్నారు.

అనకాపల్లి_ఎంపీఐ (అనకాపల్లి)

ఈ చర్చంతా ఒక్క బిగిన చదివాను. నాది 2004 జిప్సీ, ఎంపీఐ (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లు ఉండేది), 16 వాల్వులది. అదే చోట తడి, ఇంజన్ ఎప్పుడూ విప్పలేదు. నా బండికి డిస్ట్రిబ్యూటరే లేదు కదా, మరి వెనక సీలే అనుకోవాలా?

ఆటోనగర్_బాబాయ్ (విజయవాడ)

అనుకోకు. డెల్కో లేకపోయినా హెడ్డు వెనక క్యామ్ సెన్సార్ కేసు ఉంటుంది, దానికీ రింగు ఉంటుంది, దానికీ వయసు వస్తుంది. డీజిల్, బ్రష్షు, పౌడరు. బెల్ హౌసింగ్ కింద రేకు విప్పి ఫ్లైవీల్ పొడిగా ఉందో లేదో చూడు. పీసీవీ వాల్వు ఊపి చూడు. హెడ్డు వెనక మూల వీడియో తీసి వేరే చర్చ మొదలుపెట్టు. ఇక్కడే పెడితే శ్రీను బండి ఏదో నీ బండి ఏదో నాకు కలిసిపోతుంది.